అరచేతుల కొడితెనే వెలుగుతున్న బ్యాటరీ లైటు, ఏంజెయ్యాలె?

దేవరకొండ_బాయికాడ:
నమస్తే అందరికి. నాయిన రాత్రిపూట మోటర్ బందు చెయ్యనీకి బాయికాడికి పోతడు, అల్యూమినియం గొట్టం లైటు ఉన్నది, ఎనుక బటన్, రెండు పెన్సిల్ సెల్లులు పడతయి. నెల నుంచి నడిమిట్ల ఆరిపోతుంది, అరచేతుల రెండు దెబ్బలు కొడితె మళ్ల వస్తది. సెల్లులు కొత్తయి ఏసినా గంతే. ఒడ్డు మీద పురుగు పుట్ర ఉంటది, సరిగ్గ అప్పుడే ఆరితె ఎట్ల చెప్పున్రి. పారేసి కొత్తది కొనాల్నా, సాఫ్ చేస్తె పనైతదా?

అచ్చంపేట_అన్న:
పారేయకు తమ్మీ. స్ప్రింగుకు చిలుం పట్టుంటది, ఇత్తడి బిందె తోమినట్టు చింతపండుతోని రుద్ది సాండ్ పేపర్ కొట్టు, అయిపాయె.

మిర్యాలగూడ_రిపేర్:
అన్నా ఏమనుకోకు, సాండ్ పేపర్ మాత్రం వద్దు. స్ప్రింగు మీద నికెల్ పూత ఉంటది, అది గీకినవంటె లోపలి ఇనుము బయటపడి వానకాలం దాటకముందే తుప్పు. పిల్లలు పెన్సిల్ చెరిపే రబ్బరుతోని రుద్దితె చాలు. చింతపండు పని చేస్తది కాని దాని జిగురు మిగిలితె కొత్త మురికైతది.

తమ్మీ, ముందుగాల తప్పు ఎక్కడుందో చూడు, ఉత్తగ రుద్దుకుంట కూసుంటె దొరకది. ఎనుక మూత తీసి, ఒక వైరు ముక్క తీస్కొని ఒక కొస సెల్లు అడుగున, ఇంకో కొస గొట్టం అంచుకు ఆనియ్యి. లైటు నిండుగ వెలిగిందంటె ముందటి తలకాయ, సెల్లులు మంచిగున్నయి, రోగం మూతల ఉన్నది. అప్పటికి కూడ మినుకుమంటె తలకాయ దిక్కు చూడాలె. (రీచార్జి లావు సెల్లు లైటుకైతె ఈ వైరు ఆట జాగ్రత్త, పొరపాటున ప్లస్సు మైనస్సు కలిస్తె వైరు కాలుతది, చెయ్యి కూడ.)

ఈ లైట్లకు మైనస్ కరెంటు గొట్టం మీదికెంచే పోతది. అల్యూమినియం గాలి తాకంగనే సన్న పొర కడతది, ఆ పొరల కరెంటు పోదు, చెమట చేతుల మట్టి కూడ మరలల్ల చేరుతది. రెండు సెల్లులు కలిపి 3 వోల్టులు, మధ్యల మురికే అర వోల్టు తింటె లైటుకు ఏం మిగులుతది? కొడితె ఎందుకు వస్తదంటె ఆ దెబ్బకు లోహం లోహానికి ఒకపారి రాసుకుంటది, గంతే. మరలు నల్లరంగు పూతతోని ఉంటె కరెంటు మరలల్లకెళ్లి కాదు, గొట్టం కొసకు మెరిసే అంచుకెంచి పోతది, ఆ అంచునే స్పిరిట్ అద్దిన బట్టతోని తుడువు.

ఇంకోటి, మూత లోపట బటన్ను పట్టుకున్న రింగు ఉంటది, రెండు చిన్న గుంటలుంటయి. చానామట్టుకు అది వదులైతది. ముక్కు పట్కార కొసలు పెట్టి బిగించు.

నకిరేకల్_నిమ్మతోట:
మా లైటుల సెల్లు కారి తెల్లగ పిండి లెక్క పట్టింది, నిమ్మరసం పెట్టొచ్చా? మా దగ్గర నిమ్మకాయలకు కరువు లేదు.

మిర్యాలగూడ_రిపేర్:
సెల్లు మీద ఆల్కలైన్ అని రాసుంటె పెట్టొచ్చు, అది కారేది క్షారం, పులుపుకు విరుగుతది. అగ్వ సెల్లు, జింకుదైతె కారేదే పులుపు రకం, నిమ్మరసం పోసి లాభం లేదు, తినేసోడ నీళ్లల్ల కలిపి తుడువాలె. ఏదైనా గాని చెవుల పెట్టుకునే దూది పుల్లతోని కొద్దిగనే అద్దు, ఎనుకనే తడి బట్ట, మళ్ల స్పిరిట్, ఎండల మంచిగ ఆరినంకనే సెల్లెయ్యి. ఆ పిండి కండ్లల్ల పడనియ్యకు. పాత సెల్లు కొత్త సెల్లు కలిపి ఏస్తెనే ఎక్కువ కారుతయి.

అచ్చంపేట_అన్న:
సరే తియ్, రబ్బరే మేలు. మరలకు వాజలీన్ రాయొచ్చా మరి?

మిర్యాలగూడ_రిపేర్:
మరలకు సన్నగ రాయి, మెరిసే అంచుకు వద్దు, అది కరెంటు పోనియ్యది. ఇంకొకటి, కొన్ని రబ్బరు రింగులు వాజలీన్‌కు ఉబ్బుతయి, సిలికాన్ గ్రీజు దొరికితె అదే తీస్కో.

దేవరకొండ_బాయికాడ:
అన్నా వైరు పెట్టంగనే ధగ్గున వెలిగింది. మూతల రింగు ఒకటిన్నర చుట్టు వదులుంది, అంచు నల్లగైంది, తుడిస్తె బట్టకు మసి అంటింది. మూడు రాత్రుల నుంచి ఒక్కసారి ఆరలే. నాయిన మాత్రం గల్మ దాటెటప్పుడు అలవాటుకొద్ది ఇంక రెండు దెబ్బలు కొట్టే పోతుండు.