ఇళ్ల త్రీడీ ఎలివేషన్లకు ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?

పర్లాకిమిడి_గీతలు
ఇల్లు కట్టించుకునేవారు ఇప్పుడు ప్లాను చూసి తృప్తిపడటం లేదు, ఫోటోలాంటి ఎలివేషన్ (ఇల్లు బయటికి కనిపించే తీరు) కావాలంటున్నారు. నాకు త్రీడీ నమూనాలు గీసే స్కెచప్ వచ్చు. ఆ నమూనాను ఫోటోలా మార్చే వీ-రే కొనాలా, నమూనా, ఫోటో రెండూ చేసే బ్లెండర్ నేర్చుకోవాలా? నా గ్రాఫిక్స్ కార్డు 4 జీబీ. సరిపోతుందా?

బరంపురం_పాతవీధి
బ్లెండర్, సందేహం లేదు. కుడి క్లిక్కుతో ఎంచుకోవడం అలవాటు కాక రెండుసార్లు వదిలేశాను. 2019లో 2.8 వెర్షన్ వచ్చి ఆ బాధ తీర్చింది. ఉచితం, బొమ్మను తయారుచేసే దాని ఇంజిన్ సైకిల్స్‌లో వెలుగు నిజంలా పడుతుంది. పద్నాలుగేళ్లుగా ఈ పనిలో ఉన్నవాణ్ని, నమ్మండి.

రాయగడ_మేస్త్రి
ఇంటి యజమాని పక్కన కూర్చుని గోడ రంగు మార్చమంటే, ఒక్కో బొమ్మకు నలభై నిమిషాలు ఆగమని చెబుతారా? ట్విన్‌మోషన్‌లో అప్పటికప్పుడు మార్చి చూపిస్తాను. ఏడాదికి 10 లక్షల డాలర్లలోపు ఆదాయం ఉన్నవారికి అదీ ఉచితమే.

బరంపురం_పాతవీధి
శాంపిళ్లు (ఒక్కో చుక్కకు వెలుగు లెక్కించే సార్లు) తగ్గించి, మిగిలిన గరుకును తుడిచే డీనాయిజర్ పెట్టడం తెలిస్తే నలభై నిమిషాలు పట్టదు.

జయపురం_నీడలు
ఏ సాఫ్ట్‌వేర్ అయినా ముందు ఎండ సరిచేయండి. స్కెచప్‌లో ఊరు మార్చకపోతే అమెరికాలోని బౌల్డర్ ఎండ వస్తుంది. అది 40 డిగ్రీల అక్షాంశం, మనది 19. జూన్ మధ్యాహ్నం మన దగ్గర సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరాన ఉంటాడు.

బరంపురం_పాతవీధి
ఉత్తరానా? మన దేశంలో సూర్యుడు ఎప్పుడూ దక్షిణం వైపే. కొత్తవారికి తప్పులు నేర్పకండి.

జయపురం_నీడలు
ఈ పద్నాలుగేళ్లలో జూన్ 21న ఒక్కసారి మేడమీద కర్ర నిలబెట్టి చూశారా? ఆ రోజు సూర్యుడు 23.4 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి నడినెత్తిన ఉంటాడు. బరంపురం 19.3. తేడా నాలుగు డిగ్రీలు, అదీ ఉత్తరానికి. మే మధ్య నుంచి జూలై చివరి దాకా ఇంతే. మీరు చెప్పేది కర్కటరేఖకు అవతలి ఊళ్ల మాట.

గుణుపురం_ఇంటిపని
జయపురం వారి మాట నిజం, నేను డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నాను. ఉత్తరపు పడకగదికి ఎండ తగలదని బొమ్మలో చూపించాను, సజ్జ కూడా పెట్టలేదు. జూన్ సాయంత్రం వాయవ్యం నుంచి ఎండ ఏటవాలుగా కిటికీలో పడింది. ఆ పెద్దావిడ నన్ను పిలిచి మంచం మీది వెలుగు చూపించింది. సజ్జ నా ఖర్చుతో వేయించాను.

బరంపురం_పాతవీధి
లెక్క చూశాను. జూన్ విషయంలో నాదే తప్పు. బ్లెండర్ విషయంలో మాత్రం కాదు.

రాయగడ_మేస్త్రి
చెట్ల గురించి ఎవరూ మాట్లాడరేం? సాఫ్ట్‌వేర్‌తో వచ్చే నమూనాల లైబ్రరీ నిండా ఓక్, మేపుల్ లాంటి విదేశీ చెట్లే. గోపాల్‌పూర్ ఇంటి ముందు మేపుల్ పెడితే సముద్రం పక్కన పుట్టినవారు ఒప్పుకుంటారా? అందులోని ఎర్రరాయి గోడ కూడా అంతే. మబ్బు పట్టిన రోజున, నీడలు పడకుండా, మన గోడనే ఫోటో తీసుకోండి.

పర్లాకిమిడి_గీతలు
నా 4 జీబీ కార్డు సంగతి చెప్పండి దయచేసి.

గుణుపురం_ఇంటిపని
చెట్లు, గడ్డి నింపిన దృశ్యానికి చాలదు. సైకిల్స్‌ను ప్రాసెసర్ మీద నడపండి, నెమ్మదైనా పని పూర్తవుతుంది. వీ-రే ఇప్పుడే కొనకండి.

బరంపురం_పాతవీధి
రాయగడ వారూ, గంజాం మొగలి పొద నమూనా నేనే చేసుకున్నాను, ఆకుల అంచున ముళ్లతో సహా. రాత్రికి ఇక్కడ పెడతాను. ట్విన్‌మోషన్‌లోనూ తెరుచుకుంటుంది.