సముద్రం అడుగున ఆ వల లాంటి గట్లు ఎలా వచ్చాయి?

బ్రాడీపేట మాస్టారు:
గుంటూరులో తొమ్మిదో తరగతికి సోషల్ చెబుతాను. హిమానీనదాలు చాలా నెమ్మదిగా కదులుతాయని మొన్న బోర్డు మీద రాశాను. ఇంటికొచ్చి చదివితే, ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో సముద్రంలోకి దిగే నెగ్రిబ్రీన్ అనే హిమానీనదం 1935-36లో ఏడాది తిరక్కుండానే సుమారు 12 కిలోమీటర్లు ముందుకొచ్చిందట! పిల్లలకి తప్పు చెప్పానేమోనని టెన్షన్ పట్టుకుంది. ఇలాంటివి వెనక్కి తగ్గిన చోట సోనార్‌తో (శబ్ద తరంగాలతో) తీసిన సముద్రగర్భం బొమ్మ కూడా చూశాను. అడుగంతా వల పరిచినట్టు అడ్డదిడ్డంగా మట్టి గట్లు. అవి ఎలా ఏర్పడతాయి?

కృష్ణలంక సర్వేయర్:
మాస్టారూ, మీరు చెప్పింది చాలావాటికి నిజమే. ఇలా ఉరికేవి ప్రపంచంలో నూటికి ఒకటి ఉంటాయేమో. పైభాగంలో పడిన మంచు పడినంత వేగంగా కిందికి దిగదు, దశాబ్దాల పాటు పేరుకుంటుంది. చివరికి అడుగున నీటి ఒత్తిడి పెరిగి, మెత్తటి మట్టి జారుడవుతుంది. ఇక కొన్నేళ్లు ఒకటే పరుగు.

బ్యారేజీ ఎగువన పడవ మీద ఎకో సౌండర్‌తో కృష్ణ లోతులు కొలిచే పని చేశాను. అక్కడ ఒండ్రు దాదాపు చదునుగానే కనిపించేది. అందుకే మీరు చెప్పే బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నేనూ చాలాసేపు అలాగే ఉండిపోయాను.

దమ్ము చేసిన మడిలో కాలు పెట్టండి. వేళ్ల సందుల్లోంచి బురద పైకొస్తుంది కదా? పరుగులో మంచు అడుగున పగుళ్లు పడతాయి, పైబరువుకి బురద వాటిలోకి ఎక్కుతుంది. కాలు ఈడిస్తే ఆ బురద చెరిగిపోతుంది, నిటారుగా తీస్తే నిలుస్తుంది. ఉరికిన మంచు ఒక్కసారిగా ఆగి, ఉన్నచోటే కరిగి విరిగిపోయింది కాబట్టే ఆ వల మిగిలింది.

సింగ్‌నగర్ నుంచి:
2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా ఇంట్లోంచి దిగుతూ, ఆగిన చోటల్లా గోడ మీద ఒక గీత వదిలాయి. హిమానీనదం కూడా వెనక్కి పోతూ అలా గీతలు వదులుతుందా అండీ? ఇంకో మాట, ముందుకొస్తోందంటే అక్కడ చలి పెరిగినట్టా?

కృష్ణలంక సర్వేయర్:
వదులుతుందమ్మా. చలికాలంలో మంచు అంచు కాస్త ముందుకు జరిగి మట్టిని చిన్న గట్టుగా నెడుతుంది, వేసవిలో విరిగి వెనక్కి పోతుంది. చాలాచోట్ల ఏడాదికొక గట్టు లెక్క. పరుగు ఆగిన చివర మాత్రం పెద్ద గట్టు ఉంటుంది. స్వాల్‌బార్డ్‌లోనే టునాబ్రీన్ అనే ఇంకో హిమానీనదం 1930, 1971 ప్రాంతాల్లో ఉరికింది, 2000 తర్వాత మళ్లీ ఉరికింది. ప్రతిసారీ అంతకుముందు కంటే తక్కువ దూరమే వచ్చింది కాబట్టి పాత గట్లు చెరగలేదు.

చలికీ దీనికీ ముడిపెట్టకండి. పైన దాచుకున్న మంచే కిందికి దిగింది, కొత్తగా పుట్టింది కాదు. సముద్రంలోకి వచ్చాక ఇంకా త్వరగా విరిగిపోతుంది.

బ్రాడీపేట మాస్టారు:
సర్వేయర్ గారూ, చాలా థాంక్స్. రేపు తొట్టిలో ఒండ్రు కలిపి పిల్లలచేత కాలు పెట్టిస్తాను, ఒకసారి ఈడ్చి, ఒకసారి నిటారుగా. దానికంటే ముందు బోర్డు మీది వాక్యంలో 'హిమానీనదాలు' ముందు 'చాలా' అని చేర్చాలి.