ఆషాఢంలో బాల్కనీలో పిల్లల చేత ఏం నాటించవచ్చు?

ప్రశ్న:
మేము హైదరాబాదులో మూడో అంతస్తులో ఉంటాము. తూర్పు బాల్కనీలోకి ఉదయం పదిన్నర వరకు ఎండ వస్తుంది. తొలకరి పడింది కనుక పిల్లల చేతనే ఏవైనా నాటించాలని ఉంది. ఐదేళ్ల బాబు విత్తనం వేసిన మర్నాడే మట్టి తవ్వి మొలక వచ్చిందేమోనని చూస్తున్నాడు. వాడి ఓపికకు తగినవి, తొమ్మిదేళ్ల అమ్మాయికి కొన్ని నెలలు ఆసక్తి నిలిపేవి ఏమున్నాయో దయచేసి తెలుపగలరు.

సమాధానం 1:
బాబును తవ్వవద్దని ఆపకండి, లోపల జరిగేది వాడికి కనబడేలా చేయండి. గాజు సీసాలో తడి దూది నింపి, దూదికీ గాజుకూ నడుమ నాలుగు బొబ్బర్లు ఇరికించండి. రెండు మూడు రోజుల్లో తెల్లని వేరు బయటికి వస్తుంది. అప్పుడు మూత బిగించి సీసాను పక్కకు పడుకోబెట్టించండి. ఒకటి రెండు రోజుల్లో వేరు కొన మళ్లీ నేల వైపుకే వంగడం వాడే కనిపెడతాడు. దానితోపాటు, రాత్రి నానబెట్టిన మెంతులను వెడల్పాటి తొట్టిలో చల్లించి, పైన పలుచగా మట్టి కప్పించండి. మూడు నాలుగు రోజుల్లో మొలిచి, సుమారు మూడు వారాల్లో కూరకు అందుతాయి. ధనియాలను బద్దలుగా నలిపి వేసినా మొలకకు వారం పది రోజులు పడుతుంది కాబట్టి, ఈ వయసుకు వాటితో మొదలుపెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం.

సమాధానం 2:
అమ్మాయికి చిక్కుడు పాదు అప్పగించండి. ఒక పెద్ద కుండీలో రెండు గింజలు పెట్టించి, తీగ పాకడానికి గ్రిల్లుకు పురికొస కట్టించండి. మన పాత రకాలు పగటిపొద్దు తగ్గితేగాని పూయవు కనుక, వర్షాకాలమంతా ఆకులే కనిపిస్తాయని ఆమెకు ముందే చెప్పడం అవసరం. లేకపోతే పాదు గొడ్డుపోయిందనుకుని వదిలేస్తుంది. చలికాలంలో లేత కొనలకు నల్లని పేనుబంక పడుతుంది, దానిని నీళ్లతో గట్టిగా కడిగే పని కూడా ఆమెదే కావాలి. రథసప్తమి నాడు చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి రథం చేయడానికి, పరమాన్నాన్ని చిక్కుడాకుల్లో నైవేద్యం పెట్టడానికి తన పాదు నుంచే కోసుకోవడం కంటే ఆ వయసు పిల్లకు సంతోషం మరేముంటుంది?

సమాధానం 3:
కరివేపాకు మొక్క ఉంటే దానిమీద పక్షి రెట్టలా కనిపించే చిన్న పురుగులను తీసిపారేయకండి. అవి పెరిగి ఆకుపచ్చగా మారి, చివరకు సీతాకోకచిలుకలవుతాయి. తాకితే తల వెనుక నుంచి ఎర్రని కొమ్ముల వంటివి చాచి ఘాటైన వాసన వదులుతాయి. కొంత ఆకు పోయినా మొక్క మళ్లీ చిగురిస్తుంది. మరొక జాగ్రత్త: దుకాణంలో కొన్న విత్తనాలు గులాబీ, నీలం వంటి రంగుల్లో ఉంటే వాటికి మందు పట్టించారని అర్థం కనుక, పిల్లల చేతికి ఇవ్వక వంటింటి డబ్బాల్లోని గింజలనే వాడండి.