ఛాయా సోమేశ్వరుడి నీడ ఫోన్‌లో ఎందుకు పడలేదు? కెమెరాకు తెలివి పెరిగితే ఫోటోగ్రాఫర్ పనితనం తగ్గినట్టేనా?

పానగల్లు_బాటసారి
మొన్న ఆదివారం మా అక్క కొడుకును పానగల్లు తీసుకెళ్లాను. నల్గొండ వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతా వాళ్ల కోసం చెప్తున్నా. అక్కడి ఛాయా సోమేశ్వరాలయంలో ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దంతా కదలకుండా నిలబడి ఉంటుంది. స్తంభాల మధ్య నుంచి వచ్చే వెలుతురును లెక్కగట్టి కట్టిన గుడి, కుందూరు చోళుల కాలం నాటిది. పిల్లగాడు ఇంటర్ చదువుతున్నాడు, ఫోటోలంటే పిచ్చి. కొత్త ఫోన్‌తో ఇరవై దాకా తీశాడు. ఇంటికొచ్చి చూస్తే ఒక్కదాంట్లోనూ నీడ సరిగ్గా లేదు. గర్భగుడి పట్టపగల్లా వెలిగిపోతోంది, గోడ మీద ఎక్కడో మసగ్గా బూడిద రంగు మరక. మేం చూడటానికి వెళ్లిందే ఆ నీడను!

వాడికి సెకండ్‌హ్యాండ్‌లో పాత డీఎస్ఎల్ఆర్ (లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా) కొనిచ్చి అన్నీ చేత్తో నేర్చుకోమనాలా, లేక ఫోనే చాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

రీలుకాలం
నల్గొండలో ముప్పై రెండేళ్లు స్టూడియో నడిపినోణ్ని, నా మాట వినండి. ఫోన్ వరసగా ఏడెనిమిది ఫోటోలు తీసి, వాటిని కలిపి, చీకటి ఎక్కడుంటే అక్కడ వెలుతురు నింపుతుంది. దానికి నీడ అంటే తప్పు, దిద్దాల్సిన తప్పు. ఛాయా సోమేశ్వరుడి దగ్గర నీడే దేవుడని దానికెట్లా తెలుస్తది?

మా రోజుల్లో పెండ్లిలో ఫ్లాష్ గైడ్ నంబరు, అంటే ఫ్లాష్ బలం చెప్పే అంకె, 28 అనుకోండి, పెండ్లికొడుకు మూడున్నర మీటర్ల దూరంలో ఉంటే 28ని మూడున్నరతో భాగించి అపెర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) 8 పెట్టుకోవాలి. ఆయన అడుగు ముందుకేస్తే మళ్లీ లెక్క. షట్టర్ వేగం సెకనులో 60వ వంతు దాటిస్తే సగం ఫోటో నల్లగా వస్తుంది. రీలుకు 36 ఫోటోలు, అంతే. ఆ లెక్క చేతిలోకి దిగడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. మహబూబ్‌నగర్‌కు పేరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ గాజు పలకల మీద తీశాడు. ఒక్కో పలకకు ఒక్క ఫోటో. ఆ పని వేరు, ఇప్పటి బటన్ నొక్కుడు వేరు. పిల్లగానికి పాత కెమెరానే కొనియ్యి.

పాలమూరు_పోరడు
కాకా, ఆ ఫోన్‌లోనే గోడ మీద వేలు పెట్టి పక్కన వచ్చే సూర్యుడి బొమ్మను కిందికి లాగితే నీడ వచ్చేది. ఒక్క వేలితో అయ్యే పనికి పిల్లగాడితో పాత డీఎస్ఎల్ఆర్ కొనిపిస్తారా?

దీన్ దయాళ్ పేరెత్తారు కాబట్టి చెప్తున్నా. ఆయన బతికుండగానే, 1888లో, కొడాక్ చేతిలో పట్టే డబ్బా కెమెరా తెచ్చింది. వంద ఫోటోలు తీసి డబ్బాను కంపెనీకి పంపిస్తే వాళ్లే కడిగి ఇచ్చేవారు. 1985లో మినోల్టా 7000 కెమెరా వచ్చింది, ఫోకస్ చేసే మోటారు బాడీలోనే. మీరు వాడిన కెమెరాలో లైట్ మీటరు ఉండే ఉంటుంది కదా, అది తెలివి కాదా? ఎవరి వయసులో వచ్చిన తెలివి వాళ్లకు సహజం, తర్వాత వచ్చిందంతా మోసం అంటే ఎట్లా?

మిర్యాలగూడ_76
ఫోన్ చాలు. కొనకండి.

రీలుకాలం
తమ్మీ, మీటరు సూది చూపిస్తది, నా బదులు నిర్ణయం తీసుకోదు. ఆ సూదిని నమ్మితే తెల్ల చీర బూడిద రంగులో వస్తుంది, నల్ల కోటు కూడా బూడిద రంగులోనే వస్తుంది. అందుకని తెల్ల చీరకు వెలుతురు ఒకటిన్నర స్టాపు (ఒక స్టాపు అంటే రెట్టింపు వెలుతురు) పెంచాలని నాకు తెలుసు. సూర్యుడి బొమ్మను కిందికి లాగాలని నువ్వు చెప్పినవ్, ఎందుకు లాగాలో ఆ పిల్లగాడికి ఎవరు చెప్పాలె?

పాలమూరు_పోరడు
స్క్రీన్ మీద కనిపిస్తుంది కదా కాకా. లాగితే చీకటి అవుతుంది, అది చూస్తే తెలుస్తుంది.

రీలుకాలం
కనిపిస్తే మొదటి ఇరవై ఫోటోల్లో ఎందుకు లాగలేదు మరి?

సూర్యాపేట_చెల్లి
నీడ సంగతి సరే, రంగు సంగతి కూడా మాట్లాడండి. మాది చామనఛాయ. మా అక్క నిశ్చితార్థం ఫోటోల్లో, ఫోన్‌లో తీసినవన్నీ, అక్కను మూడు రంగులు తెల్లగా చేసి, ముక్కు పక్కనున్న పుట్టుమచ్చ కూడా తుడిచేసింది. ఎవరూ ఫిల్టర్ పెట్టలేదు, అది దానంతటదే చేసింది. పెళ్లికొడుకు వాళ్లమ్మ ఫోటో చూసి ఒకటి, మనిషిని చూసి ఒకటి మాట్లాడింది. అక్క ఆ రాత్రి అన్నం తినలేదు. కెమెరా తెలివైంది అన్నప్పుడల్లా నాకు ఆ రాత్రి గుర్తొస్తుంది.

నల్లమల_నడక
సూర్యాపేట చెల్లి చెప్పింది నిజం. ఇంకా దూరం పోయింది వ్యవహారం. 2023లో శాంసంగ్ ఫోన్ల చంద్రుడి ఫోటోల గొడవ గుర్తుందా? ఒకాయన కావాలని మసకగా చేసిన చంద్రుడి బొమ్మను కంప్యూటర్ తెర మీద పెట్టి ఫోన్‌తో తీస్తే, అందులో లేని మచ్చలు ఫోటోలో వచ్చాయి.

అయితే నా అనుభవం వేరే. నేను అమ్రాబాద్ అడవి వైపు పిట్టల కోసం తిరుగుతా. 2020లో వచ్చిన కానన్ ఆర్5 కెమెరా నుంచి పిట్ట కన్నును పట్టుకునే ఫోకస్ ఉంది, నేను కిందటేడు కొన్నా. పాలపిట్ట కూర్చున్నప్పుడు మామూలు పిట్టే, రెక్క విప్పితేనే ఆ నీలం. కరెంటు తీగ మీద నుంచి దూకి పురుగును పట్టి చాలాసార్లు మళ్లీ అదే తీగకు వస్తుంది. ఆ సంగతి తెలిసి, ఎండ వీపు వెనక ఉండేలా గంటన్నర కూర్చోవడం నా పని, కన్ను మీద ఫోకస్ దాని పని. ఇదివరకు ఆ రెండోదానికే నా బుర్రంతా ఖర్చయ్యేది.

పాలమూరు_పోరడు
ఇదే నేను చెప్పేది! పెండ్లిలో తలంబ్రాలప్పుడు చూడండి. మొహానికీ లెన్సుకూ మధ్య బియ్యం వాన. పాత ఆటోఫోకస్ ఆ గింజల మీదికి దూకేది, మొహం మసకబారేది. ఇప్పుడు కన్ను పట్టుకుందంటే చాలాసార్లు గింజలు అడ్డమొచ్చినా వదలదు. ఆ రెండు నిమిషాలు నేను ఫోకస్ గురించి ఆలోచించను, పెండ్లికూతురు ఎప్పుడు నవ్వాపుకోలేకపోతుందా అని చూస్తుంటా.

రీలుకాలం
సరే, పెండ్లి మాట వచ్చింది కాబట్టి నా సంగతి చెప్తా. మాఘమాసంలో ఒక పెండ్లి. ఆ పిల్ల తండ్రి పెండ్లికి 1994లో నేనే తీసిన. పెద్ద కూతురు ఓణీల ఫంక్షన్ నేనే. ఈసారి నన్ను పిలవలేదు. వాళ్ల బంధువుల పిల్లగాడు కొత్త కెమెరా కొన్నాడట, "అదే తీసుకుంటది కాకా, మనిషితో పనేముంది" అన్నడు ఆ తండ్రి నా మొహం మీదే. భోజనానికి పిలిస్తే పోయిన. తర్వాత ఆల్బం చూసిన. పుస్తె కట్టే ఫోటో లేదు. ఆ పిల్లగాడు వీడియో ఆయన వెనక నిలబడ్డడు. వీడియో ఆయన భుజం అడ్డం, ఆ భుజం మీదుగా ఇంకెవరో చుట్టం కన్ను, అద్దంలా పదునుగా వచ్చింది. పుస్తె కట్టేటప్పుడు పంతులు చేయి ఎటునుంచి వస్తది, పిల్ల జడ ఎవరు ఎత్తుతరు, నేను ఏ మోకాలు మీద కూర్చోవాలె, ఇవన్నీ కెమెరా కొంటే డబ్బాలో వస్తయా?

పాలమూరు_పోరడు
ఆ పిల్లగాడు ఫోకస్‌ను ఏరియా మోడ్‌లో (మనం చూపిన చోటే ఫోకస్ అయ్యేలా) పెట్టి ఉంటే అసలు ఆ చుట్టం కన్ను మీదికి పోయేదే కాదు. సెట్టింగు తప్పది.

రీలుకాలం
నేను నిలబడే చోటు గురించి చెప్తున్న, నువ్వు సెట్టింగు అంటున్నవ్. మీకు మెనూ తప్ప వేరే లోకం లేదు. మీరు ఫోటోగ్రాఫర్లు కాదు, బటన్ నొక్కేటోళ్లు.

మిర్యాలగూడ_76
పెద్దాయన మాట తప్పు. వెనక్కి తీసుకోవాలి.

పాలమూరు_పోరడు
వద్దు, వెనక్కి తీసుకోవద్దు. నేను చెప్పేది కూడా వినండి సార్.

2011లో పదో తరగతి తప్పి మా జిల్లాలోనే ఒక స్టూడియోలో చేరిన. మూడేళ్లు లైట్ పట్టుకున్న. ఎండాకాలం పెండ్లిళ్లలో ఆ వేడి లైటు నెత్తి మీద పట్టుకుని నిలబడితే చేతులు బొబ్బలెక్కేవి. ఒక్కసారి, ఒక్కసారైనా కెమెరా చేతికియ్యలేదు. డయల్ మీద ఏ నంబరుందో వంగి చూస్తే ఆయన అరచేయి అడ్డం పెట్టేవాడు. పెండ్లి అయిపోగానే కార్డు తీసి చొక్కా జేబులో వేసుకునేవాడు, నేను ఫోటోలు కూడా చూడకూడదు. ఎందుకు అపెర్చర్ మార్చినవ్ సార్ అని అడిగితే "నీకెందుకు, లైటు పైకెత్తు" అనేవాడు. స్టాపు అంటే ఏందో నాకు మూడేళ్ల తర్వాత కూడా తెలియదు.

2018లో మా అమ్మ గాజులు కుదువ పెట్టి, మిగిలింది ఫైనాన్స్‌లో, సోనీ ఏ7 త్రీ కెమెరా కొన్నా. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి రింగు తిప్పితే లోపలే చీకటైంది. మళ్లీ తిప్పితే వెలుగు. ఆ రోజు రాత్రి ఒంటిగంట దాకా ఇంట్లో బల్బు కింద మా అమ్మను కూర్చోబెట్టి తిప్పుతూనే ఉన్నా. మూడేళ్లు మనిషి చెప్పనిది ఆ డబ్బా నాకు ఒక్క రాత్రిలో చెప్పింది. మీరు పనితనం పనితనం అంటున్నది నాకు ఎప్పుడూ తాళం వేసిన తలుపులాగానే కనిపించింది సార్. ఇప్పుడు తలుపు తెరుచుకుందని మీకు బాధ.

సూర్యాపేట_చెల్లి
అన్నా, ఇది చదివి కాసేపు ఏమీ తోచలేదు.

నల్లమల_నడక
మా ఊళ్లో కూడా ఇట్లాంటివాళ్లే ఉండేవారు. డార్క్‌రూంలోకి రానిచ్చేవారు కాదు.

రీలుకాలం
రెండు రోజులు రాయలేదు. రాయాలా వద్దా అనుకున్న.

నేను కూడా నేర్పలేదు. దాచుకుని ఏం లాభం. నా దగ్గర ముగ్గురు పోరగాళ్లు పని చేసిండ్రు. మొదటోడికి అన్నీ చెప్పిన. ఏడాదికి వాడు మా ఎదురుగానే షాపు పెట్టి నా కంటే తక్కువకు పెండ్లిళ్లు పట్టిండు. ఆ తర్వాత ఇద్దరికి ఏం చెప్పలేదు. తప్పే. అయితే అప్పటి లెక్క కూడా వినాలె తమ్మీ. రీలు నాదే, కడిగిచ్చుడు నాదే, ప్రింటు ఖర్చు నాదే. పోరడు రీలు ఖరాబు చేస్తే ఆ పెండ్లి మళ్లీ జరగదు, ఆ ఇంటోళ్లు వచ్చి నా అద్దాలు పగలగొడతరు. నీకు కార్డు చెడిపోతే రెండో కార్డుల ఉంటది.

బటన్ నొక్కేటోళ్లు అన్నది వెనక్కి తీసుకుంటున్న. మీ అమ్మను కూర్చోబెట్టి నేర్చుకున్నోణ్ని ఆ మాట అనకూడదు. కానీ ఆ తండ్రి "మనిషితో పనేముంది" అన్నడు చూడు, అది నా మీద పడ్డట్టే రేపు నీ మీద కూడా పడుతది. అప్పుడు నీ సోనీ నిన్ను కాపాడదు. ఇప్పుడు నా స్టూడియోలో పాస్‌పోర్ట్ ఫోటోలు, జిరాక్స్. నేర్పుతనంటే వచ్చేటోడు లేడు.

పాలమూరు_పోరడు
ఆ మాట ఇప్పటికే పడింది కాకా. 2023లో బోరిస్ ఎల్డాగ్సెన్ అనే జర్మన్ కళాకారుడు ఏఐతో చేసిన బొమ్మకు సోనీ వరల్డ్ ఫోటోగ్రఫీ పోటీలో బహుమతి వస్తే, ఇది ఫోటో కాదని తనే వద్దన్నాడు. మా దగ్గర పోయిన నెల ఒకాయన ప్రీవెడ్డింగ్ ఎందుకు, మొహాలు ఇస్తే యాప్ చేసేస్తుంది అన్నాడు. ఆ పూట నాకూ అన్నం సహించలేదు.

కానీ తాళం సంగతి మాత్రం నేను ఒప్పుకోను. నా దగ్గర ఇద్దరు పిల్లలున్నారు, మొదటి పెండ్లికే రెండో కెమెరా చేతికిచ్చిన.

పానగల్లు_బాటసారి
ఇన్ని మాటల మధ్యలో మావాడు మళ్లీ పానగల్లు వెళ్లొచ్చాడు. పోరడన్న చెప్పినట్టు గోడ మీద వేలు పెట్టి కిందికి లాగాడు. నీడ వచ్చింది, స్తంభం అంచు కూడా తెలుస్తోంది. కానీ లింగం మీద బంతిపూల దండ నల్లబడిపోయింది. ఏం చేయాలి?

పాలమూరు_పోరడు
రా ఫార్మాట్‌లో, అంటే ఫోన్ దిద్దకముందున్న పచ్చి ఫైలుగా, తీయమనండి. నీడ ఉంచి, పూల దగ్గర మాత్రం తర్వాత వెలుతురు పెంచుకోవచ్చు. రెండూ దక్కుతాయి.

రీలుకాలం
వద్దు. నల్లగానే ఉండనియ్యి. గర్భగుడిలో వాడి కంటికి ఆ పూలు అంత పసుపుగా కనిపించినయా అని ముందు అడుగు.

పాలమూరు_పోరడు
కంటికి కనిపించాయి కాకా, కన్ను రెండూ చూస్తుంది. కెమెరాకే చేతకాదు.

రీలుకాలం
మొన్నటి దాకా కెమెరా తెలివైంది అంటివి కదా తమ్మీ. పిల్లగాణ్ని వచ్చే ఆదివారం స్టూడియోకు పంపు, ఫోన్ కూడా తెమ్మను.