లైట్ బాగానే వస్తోంది, 10జీ లింక్‌లో మాత్రం సీఆర్‌సీ ఎర్రర్లు

పాలకొల్లు: సిద్ధాంతం, రావులపాలెం మీదుగా కాకినాడకి లింక్. ఓటీడీఆర్‌లో (ఫైబర్ పొడవు కొలిచే పరికరం) 97 కి.మీ., ఫైబర్ జీ.652 (మామూలు సింగిల్-మోడ్ రకం). 1జీలో (సెకనుకి ఒక గిగాబిట్) ఒక్క ఎర్రర్ లేదు. 80 కి.మీ. రకం 10జీ జెడ్ఆర్ మాడ్యూళ్లు (లైట్ పంపి, అందుకునేవి) పెడితే లింక్ లేస్తోంది గానీ సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో చెడిన ప్యాకెట్లు) ఆగట్లేదు. అందే లైట్ -19.6 డీబీఎం (కాంతి బలం కొలత). మాడ్యూల్ -24 దాకా తీసుకుంటుంది. కనెక్టర్లు తుడిచాం. జొన్నాడ వంతెన మీద లారీల అదురంటారా?

రాజమండ్రి: అదురు కాదండీ, డిస్పర్షన్, అంటే దూరం పోయేకొద్దీ లైట్ పల్స్ సాగి వెడల్పవడం. 1550 నానోమీటర్ల దగ్గర ఈ ఫైబర్‌లో నానోమీటర్ వెడల్పుకి, కి.మీ.కి సుమారు 17 పికోసెకన్లు. 97తో హెచ్చవేస్తే 1650. ఈ రకం మాడ్యూల్ ఓర్చుకునేది మామూలుగా 1600. 1జీలో బిట్ నిడివి 800 పికోసెకన్లు, 10జీలో 97 మాత్రమే. పక్క బిట్ల మీదకి పొర్లుతోంది. లైట్ ఎంతున్నా లాభం లేదు.

రూఢి చేసుకోవాలంటే రెండు మాడ్యూళ్లనీ ఒకేచోట ప్యాచ్ కార్డ్‌తో కలిపి, మధ్యలో 15, 7 డీబీ అటెన్యుయేటర్లు (లైట్ తగ్గించేవి) వేయండి. అదే -19.6 దగ్గర ఎర్రర్లు లేకపోతే దోషం ఫైబర్ దారిదే. అటెన్యుయేటర్ లేకుండా కలపకండి, -7 దాటితే రిసీవర్‌కి ముప్పు.

పాలకొల్లు: వేశామండీ, గంటసేపు సున్నా. 40 కి.మీ. డీసీఎం (డిస్పర్షన్‌ని వెనక్కి సరిచేసే మాడ్యూల్) పెట్టేద్దామా?

రాజమండ్రి: అది 680 తగ్గిస్తుంది, మంచిదే. కానీ 3 నుంచి 5 డీబీ మింగుతుంది. మీకున్న మిగులే 4.4. వానాకాలంలో ఒక్క క్లోజర్‌లో (ఫైబర్ అతుకుల పెట్టె) నీరు చేరితే అదీ పోతుంది. రావులపాలెంలో ర్యాక్ ఉంటే అక్కడ లింక్‌ని రెండు ముక్కలు చేసి, సిగ్నల్‌ని స్విచ్‌తో కొత్తగా మళ్లీ పంపండి.

పాలకొల్లు: ఉందండీ, ఇక్కడికి 33 కి.మీ.

రాజమండ్రి: అయితే ఆ 33కి జెడ్ఆర్ వద్దు, నష్టం 7-8 డీబీయే కాబట్టి రిసీవర్ మీద లైట్ ఎక్కువైపోతుంది. 40 కి.మీ. రకం ఈఆర్ మాడ్యూళ్లు వేయండి. మిగతా 64కి ఉన్న జెడ్ఆర్ చాలు.

కాకినాడ: ఈ లింక్ మీద మొబైల్ టవర్లకి పీటీపీ టైమ్ (నెట్‌వర్క్ మీదుగా గడియారాలు కలిపే పద్ధతి) పోతోందా? పోతుంటే రావులపాలెం స్విచ్‌లో బౌండరీ క్లాక్ (టైమ్‌ని స్విచ్ తానే కలుపుకుని ముందుకి పంపే ఏర్పాటు) ఆన్ చేయాలి, లేకపోతే క్యూలో ఆగిన ప్యాకెట్ల ఆలస్యం టైమ్‌లో కలుస్తుంది. ఫైబర్ చుట్ట రకం డీసీఎం ఒక దిశలోనే వేసుంటే ఇంకా పెద్ద తంటా. సుమారు 7 కి.మీ. చుట్ట అంటే 34 మైక్రోసెకన్లు. రానూపోనూ సమానమే అనుకుని పీటీపీ అందులో సగం, 17 మైక్రోసెకన్లు, తప్పు చూపిస్తుంది. టీడీడీ టవర్‌కి (ఒకే ఫ్రీక్వెన్సీలో వంతులవారీగా పంపి, అందుకునేది) ఒప్పేది 1.5 మైక్రోసెకన్లు మాత్రమే.