ఖాట్మండు బాలసదనంలో రెండు రాత్రులు: ఇచ్చిన మాట విషయంలో సలహా కావాలి

నమస్కారం. నేను విశాఖపట్నంలో సోషల్ వర్క్ పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్న్‌షిప్‌లో భాగంగా ఇటీవల నేపాల్ వెళ్లి, అక్కడ వారాంతపు సెలవు అయిన శనివారం కలిసి వచ్చేలా, ఖాట్మండులోని ఒక అనాథ బాలల సదనంలో రెండు రాత్రులు పిల్లలతోనే ఉన్నాను. వంటలో సాయం చేశాను, వచ్చిన కొద్దిపాటి హిందీతో కథలు చెప్పాను.

సముద్రమే లేని దేశంలో పుట్టిన తొమ్మిదేళ్ల పాప ఒకతె మా ఊరి సముద్రం గురించి అడిగి అడిగి విన్నది. ఆర్కే బీచ్ గవ్వలు పంపుతానని, ఆలోచించకుండా మాట ఇచ్చేశాను. బయలుదేరేటప్పుడు ఆమె నా చెయ్యి వదలలేదు. వచ్చే శనివారం కూడా వస్తావా అక్కా అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను.

వచ్చి పోయే అతిథులతో పదేపదే ఏర్పడి తెగిపోయే అనుబంధాలు పిల్లలను గాయపరుస్తాయని, ఇలాంటి సదనాల్లో చాలామందికి తల్లిదండ్రుల్లో ఒకరైనా బతికే ఉంటారని పాఠాల్లో చదివాను. పిల్లల ప్రత్యామ్నాయ సంరక్షణపై 2009లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మార్గదర్శకాలు కూడా కుటుంబానికే మొదటి స్థానం ఇచ్చాయి. చదివి కూడా అదే పని చేశానన్న బాధ నన్ను వదలడం లేదు.

బాలల సంరక్షణలో పనిచేసిన పెద్దలను అడుగుతున్నాను: గవ్వలను ఆ పాపకు విడిగా పంపాలా, పిల్లలందరి కోసమని నిర్వాహకురాలి పేరిట పంపాలా? నా నివేదికలో, జూనియర్లను రాత్రి బసకు పంపవద్దని, సిబ్బందికి తోడ్పడే పగటి పనులే ఇవ్వాలని రాయడం సబబేనా?