అన్నీ పారదర్శకమైతే కంటికి పనేముంటుంది?

బురుజువీధి (కర్నూలు):

కళ్లద్దాల షాపులో లెన్సులు బిగించే పని నాది. ఫ్రేముకు తగ్గట్టు అంచు అరగదీసి, తుడిచి, వెలుతురుకు ఎత్తి చూస్తాను. మామూలు గాజు లెన్సయితే ఒక్కో వైపు నుంచి నూటికి నాలుగు పాళ్ల వెలుగు వెనక్కి వస్తుంది, ట్యూబ్‌లైటు అందులో తెల్లగా మెరుస్తుంది. మంచి కోటింగ్ వేసిన లెన్సులో ఆ వెలుగు ఒక పాలు కూడా ఉండదు. కొందరు కస్టమర్లు ఫ్రేములో వేలు పెట్టి మరీ లెన్సు ఉందో లేదో చూసుకుంటారు.

మొన్న ఒక పాప వాళ్ల నాయన వెంట షాపుకు వచ్చింది. ఏడో తరగతి ఉంటుందేమో. "అన్నీ ఈ లెన్సు మాదిరే ఉంటే ఏం కనపడుతుందన్నా?" అని అడిగింది. గోడ అవతల వీధి, దాని అవతల తుంగభద్ర, ఇంకా అవతల ఊళ్లు, అన్నీ కనపడతాయమ్మా అన్నాడు వాళ్ల నాయన. నాకు ఆ జవాబు సరిపోలేదు. గోడ కనపడకపోతే వీధి కనపడుతుంది, సరే. వీధి కూడా గాజే, ఏరూ గాజే, అవతలి కొండా గాజే అయితే? చూపు ఎక్కడో ఒకచోట దేనికో ఒకదానికి తగలాలి కదా. ఏదీ అడ్డం లేనప్పుడు కన్ను తెరిచినా మూసినా తేడా ఉంటుందా? రోజంతా మనుషుల చూపు సరిచేసే పనిలో ఉన్నవాణ్ణి, అందుకే ఇది నన్ను వదలడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్చరర్, ఫిజిక్స్ (అనంతపురం):

ముందు ఒక సంగతి విడదీసుకుందాం. వెలుగును మింగకపోవడం ఒకటి, వంచకపోవడం ఇంకొకటి. నీళ్లు, గాజు వెలుగును పెద్దగా మింగవు కానీ వంచుతాయి, కొంత వెనక్కి కొడతాయి. గ్లాసులో నీళ్లున్నాయని మనకు తెలిసేది అందువల్లే. మా ల్యాబులో పిల్లలకు చూపిస్తుంటాను: బోరోసిలికేట్ గాజు కడ్డీని శెనక్కాయ నూనెలో ముంచితే మునిగినంత మేరా దాదాపు మాయమవుతుంది. రెండింటి వక్రీభవన గుణకం, అంటే వెలుగును ఎంత వంచుతాయో చెప్పే అంకె, 1.47 దగ్గరే. నూనెలోంచి గాజులోకి పోయేటప్పుడు వెలుగు దారి మార్చుకోదు. చెయ్యి పెడితే కడ్డీ తగులుతుంది, కంటికి మాత్రం లేదు. లోకమంతా ఒకే గుణకంతో ఉంటే దేనికీ అంచు కనపడదు.

అంతకన్నా పెద్ద చిక్కు కంటిలోనే ఉంది. కార్నియా, లెన్సు వెలుగును లోపలికి వదలాలి, నిజమే. వెనకున్న రెటీనా మాత్రం దాన్ని పట్టుకోవాలి. అక్కడుండే రొడాప్సిన్ అనే పదార్థం కాంతిని మింగితేనే నరానికి కబురు పోతుంది. రెటీనా కూడా పారదర్శకమైతే వెలుగు ఇటు నుంచి వచ్చి తల వెనక నుంచి వెళ్లిపోతుంది, మనకు ఏమీ తెలియదు. సముద్రంలో ఈల్ చేపల పిల్లలు ఒళ్లంతా గాజు రేకులా ఉంటాయి, వాటి కళ్లు మాత్రం నల్లగా ఉంటాయి. శత్రువుకు కనపడకుండా ఒళ్లంతా దాచుకున్న జీవి కూడా కన్నును దాచుకోలేకపోయింది.

దీపమూ ఉండదు. 1859లో జర్మన్ శాస్త్రవేత్త కిర్కాఫ్ చెప్పిన సూత్రం ప్రకారం, ఒక రంగు వెలుగును ఏమాత్రం మింగని వస్తువును ఎంత వేడి చేసినా దానిలోంచి ఆ రంగు వెలుగు రాదు. సూర్యుడు అంచుతో గుండ్రంగా కనపడుతున్నాడంటే ఆయన పారదర్శకం కానందువల్లే.

ఇదంతా ఉత్త ఊహ అనుకోవద్దు. న్యూట్రినోలు అనే అతి సూక్ష్మ కణాలకు ఈ భూమి ఇప్పటికే దాదాపు పారదర్శకం. మన సీమ నుంచి కూలికి పోయినవాళ్లు పనిచేసిన కోలార్ బంగారు గనుల్లోనే, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ దొరికింది. లెక్కలేనన్ని దాటిపోతుంటే ఎప్పుడో ఒకటి రాతిలో తగులుతుంది. అలా తగిలినదాని గురుతే అక్కడి శాస్త్రవేత్తలకు దొరికింది, దాటిపోయిన వాటి గురించి ఏ పరికరమూ ఏమీ చెప్పలేదు.

చేనుగట్టు (తుగ్గలి):

సారూ, తొలకరి పడినాక జొన్నగిరి, మద్దికెర చేలల్లో వజ్రాలు ఎతికేవాళ్లలో నేనూ ఒకణ్ణి. గాజు మాదిరి రాయి మన్నులో యట్ల కనపడ్తాదని బయటోళ్లు అడుగుతాంటారు. వాన మన్నును కడిగేస్తాది. పొద్దు వాలేటప్పుడు వంగి నడిస్తే పలుగురాయి, సీసా పెంకు, అన్నీ మెరుస్తాయి. అనుమానం ఉన్న రాయిని నీళ్లలో ఏసి చూస్తాం. పలుగురాయి నీళ్లలో పడంగానే కళ తప్పుతాది. వజ్రం నీళ్లలో గూడా మెరుపు ఇడవదు. లోపల మచ్చ లేని రాయి గూడా అట్లే మెరుస్తాది. మరి పారదర్శకమైంది కనపడదని యట్ల అంటారు?

లెక్చరర్, ఫిజిక్స్ (అనంతపురం):

మీ పరీక్ష చాలా మంచిది, లెక్కకు కూడా నిలబడుతుంది. వజ్రం గుణకం 2.42, గాలిలో నేరుగా పడిన వెలుగులో దాదాపు 17 శాతం పైతలం నుంచే వెనక్కి వస్తుంది. నీళ్లలో కూడా 8 శాతం దాకా వస్తుంది. పలుగురాయికి నీళ్లలో అర శాతమే. వజ్రం మింగకపోయినా గట్టిగా వంచుతుంది, అందుకే మీ కంట పడుతుంది. నేను అన్నది వంపు కూడా లేని లోకం గురించి.

వెంకటాద్రి_కడప:

తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో ఈ మాటలన్నీ విన్నాను. నాకు పుట్టుకతో చూపు లేదు, హైస్కూల్లో తెలుగు చెప్తాను. మీరందరూ కంటికి అంచు దొరకకపోతే ఇక ఏమీ దొరకదన్నట్టు మాట్లాడుతున్నారు. లెక్చరర్ గారు ఒక్కచోట "చెయ్యి పెడితే తగులుతుంది" అన్నారు, నేను అక్కడ ఆగాను.

గాజు తలుపు, చెక్క తలుపు నాకు గట్టితనంలో ఒకటే. కర్ర తగిలితే మోత వేరు, అంతే. గోడ దగ్గరయ్యేకొద్దీ నా అడుగుల చప్పుడు మారుతుంది. మా వరండాలో పరిచినవి కడప నల్ల బండలు, ఎండాకాలం పొద్దుగూకినాక కూడా అరికాలికి వేడిగా తగులుతాయి. వాకిలి ఎక్కడ మొదలవుతుందో వాటిని బట్టే తెలుస్తుంది. మీ పారదర్శక లోకంలో మనుషులుంటే వాళ్లు ఒకరినొకరు గొంతుతో, చేతితో, వాసనతో గుర్తుపడతారు, బజారుకు పోతారు, పిల్లలకు చదువు చెప్తారు. తమకు ఏదో తక్కువైందన్న బాధ కూడా ఉండదు, ఎందుకంటే పక్కవాడికి కూడా అది ఉండదు. నాకు ఇబ్బంది కలిగేది చూపు లేనందుకు కాదు. చూపున్నవాళ్ల కోసమే రాసిన బోర్డులు, వాళ్ల కోసమే కట్టిన మెట్లు, అవీ నా ఇబ్బంది. ఆ లోకంలో అవి ఉండవు.

బురుజువీధి (కర్నూలు):

మాస్టారూ, మీ మాట రెండుసార్లు చదివాను. చూపు సంగతి తేలకముందే ఆ లోకం శూన్యమని నేను ఎట్లా అనుకున్నానో ఆలోచిస్తున్నాను. ఒక్కటి అడుగుతాను. మీ నల్ల బండ వేడెక్కేది ఎండను మింగినందుకే కదా? ఆ లోకంలో బండ కూడా ఎండను అవతలికి వదిలేస్తుంది. అప్పుడు అరికాలికి ఆ గుర్తు కూడా ఉండదేమో.

వెంకటాద్రి_కడప:

ఉండదు, ఒప్పుకుంటాను. మోత ఉంటుంది, గరుకుదనం ఉంటుంది. ఎండ వేడి మాత్రం పోతుంది.

చేనుగట్టు (తుగ్గలి):

బండ ఒక్కటే గాదన్నా. నేల ఎండను పట్టుకోకపోతే ఎచ్చబడదు. నీళ్లు పట్టుకోకపోతే ఆవిరి గావు, వాన రాదు. ఆకు పట్టుకోకపోతే శెనక్కాయ చెట్టు యాడ పెరుగుతాది, గొర్రె ఏం మేస్తాది? మాస్టారు చెప్పిన ఆ మనుషులకు చెవులు, చేతులు ఉంటాయి సరే, వాళ్లు తినేది ఏంది? కంటికి పనుందా లేదా అనే దానికంటే ముందు నాకు ఇదే తట్టింది. సారూ, ఒకటి చెప్పండి. ఆకు పచ్చగా కనపడ్తాందంటే మిగతా రంగులు తినేసిందనేగా?

లెక్చరర్, ఫిజిక్స్ (అనంతపురం):

అవును. ఎరుపు, నీలం ఎక్కువగా పట్టుకుని, ఆకుపచ్చలో కొంత వదిలేస్తుంది. మీ చేను పచ్చగా కనపడేది ఆ వదిలేసిన వెలుగు వల్ల, పెరిగేది పట్టుకున్న వెలుగు వల్ల. పూర్తి పారదర్శకమైన ఆకుకు ఈ రెండూ లేవు. మాస్టారు చెప్పిన బజారు నాకు బాగా నచ్చింది, కానీ అక్కడ అమ్మడానికి పంట ఎక్కడి నుంచి వస్తుందో నేను కూడా చెప్పలేను.